చాలు అంటే వదలాలి

మా అమ్మాయి దబ్బున కింద పడితే చప్పట్లు కొట్టిన తల్లిని నేను. ఈ సంగతి మా అత్త వీధంతా చాటింది. "బిడ్డ పడితే ఏడ్చే తల్లుల్ని చూసినా. ఎగిరెగిరి చేతులు తట్టే తల్లిని ఇప్పుడే చూస్తుండా" అని కొళాయి దగ్గర నిలబడి మరీ చెప్పింది. చెప్పనీ. ఆ రోజు అది పడిన తీరు చూసి ఉంటే మీరూ కొట్టేవారు. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా వంచి, అరచేత్తో చాపను ఫట్టున చరిచి, పడిన చోటే లేచి నవ్వింది. తొమ్మిదేళ్ళ పిల్ల! అంతకు ముందు ఎవరైనా మోచెయ్యి తగిలిస్తే గోడకు అంటుకుపోయే పిల్ల!

మొదటి నుంచి చెప్పకపోతే నా సంబరం మీకు అర్థం కాదు.

మాది కోయంబత్తూరులో పాత తెలుగువాళ్ళ వీధి. మా పెద్దవాళ్ళు ఏ ఊరి నుంచి వచ్చారో చెప్పగలిగిన వాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. అడిగితే "పైనించి" అంటారు. ఆ పైన అనేది ఎక్కడో వాళ్ళకే తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, తిరుప్పూరులో నేను పని చేసే బనియన్ కంపెనీలో ఆ రెండూ కలిపి కొంచెం హిందీ. చదువంతా తమిళంలోనే. నాకు తెలుగు అక్షరాలు వచ్చాయంటే చిన్నప్పుడు మా చర్చిలో ఆదివారం పూట పాటల పుస్తకం చేతికిచ్చి నేర్పిన పుణ్యం. బస్సులో ఎప్పుడైనా నేను గట్టిగా తెలుగు మాట్లాడితే పక్కనున్న మా అత్త తొడ గిల్లుతుంది. "మెల్లిగ మాట్లాడు, అందురూ మన ముగమే చూస్తుండారు" అంటుంది. ఆమె పుట్టిల్లు మదురై దగ్గర తిరుమంగళం. అక్కడా ఇంట్లో తెలుగే, అక్కడా బస్సులో గిల్లుడే.

మా అమ్మాయి మాత్రం గిల్లాల్సిన అవసరం లేని పిల్ల. బయట దానికి నోట్లో నాలుక ఉండేది కాదు. దానికో కారణం ఉంది. ఒకటో తరగతిలో ఉండగా దాహమై, బల్ల మీద నుంచి లేచి టీచరమ్మతో "నీళ్ళు, నీళ్ళు" అంది. తమిళంలో ‘నిల్లు’ అంటే నిలబడు అని. టీచరమ్మకు ఏమనిపించిందో గానీ, పిల్లలకు మాత్రం పండగ దొరికింది. క్లాసు క్లాసంతా లేచి నిలబడి కొయ్యబొమ్మల్లా బిగుసుకుపోయారట. అప్పట్నుంచి అది వరండాలో కనిపిస్తే చాలు, ఎవడో ఒకడు "నిల్లు!" అని అరవడం, మిగతా వాళ్ళు బిగుసుకుపోవడం. పిల్లల ఆటే, కాదనను. కానీ నా బిడ్డ బడిలో నీళ్ళు అడగడం మానేసింది. సీసా నిండా తీసుకెళ్ళేది, అది అయిపోతే దాహంతోనే ఇంటికి వచ్చేది. వరుసలో ఎవరైనా తోస్తే వెనక్కి పోయేది. ఇంకా తోస్తే ఇంకా వెనక్కి. నాకు ఒళ్ళు మండిపోయేది. నా నోరు మా కంపెనీ వ్యానులో అందరికీ తెలుసు. ఈ నోటి నుంచి ఈ మూగ పిల్ల ఎలా పుట్టిందిరా దేవుడా అని కొట్టుకునేదాన్ని.

ఒక శనివారం సాయంత్రం వ్యాను దిగి వస్తుంటే, మా వీధి చివరి బడి హాల్లోంచి దబ్ దబ్ అని చప్పుడు. కిటికీలోంచి తొంగి చూశాను. తెల్లటి దళసరి చొక్కాలు వేసుకున్న పిల్లలు ఒకరినొకరు నడుం మీదుగా ఎత్తి చాపల మీద పడేస్తున్నారు. పడినవాళ్ళు ఏడవడం లేదు. లేచి, వంగి దండం పెట్టి, "మళ్ళీ" అంటున్నారు. జూడో అట. పడేసిన వాడి చెయ్యి పడ్డవాడి చొక్కా చేతిని వదలకుండా పట్టుకునే ఉంది, తల నేలకు కొట్టుకోకుండా. అది చూశాక నా కాళ్ళు అక్కడి నుంచి కదల్లేదు. నా చేతిలో కూరగాయల సంచి ఉందన్న సంగతి కూడా మరిచిపోయాను. ఇంటికి వెళ్ళాక మా ఆయన నా ముఖం చూసి, "ఏమి, బోనస్ ఇచ్చినారా?" అన్నాడు.

మా అత్త మాత్రం సంగతి విన్న వెంటనే అన్నం కంచం పక్కకు జరిపింది.

"ఏమ్మే, నీకేమన్నా పిచ్చా? ఆడబిడ్డని కింద ఏసి దొర్లించేదానికి నువ్వే తీసుకొనిపోయి ఇడిసిపెడతావా? పండ్లు ఊడితే ఎవురిస్తారు? ముగం మింద గాయం పడితే?"

"గాయం పడకుండా ఎట్ల పడేదనే నేర్పించేది, అత్తా."

"పడేదానికి నేర్పించేదొకటా? నేను పుట్టినప్పుణ్ణించి సుమ్మానే, ఊరికెనే పడుతుండా, ఎవురు నేర్పించినారు నాకు?"

మా ఆయన నవ్వు ఆపుకోలేక నీళ్ళకని లేచి వెళ్ళిపోయాడు. నేను మాత్రం పట్టు విడవలేదు. మొక్కై వంగనిది మానై వంగుతుందా అన్నాను. వంగితే సరే, విరిగితే ఏం చేస్తావని ఆమె. చివరికి అమ్మాయి ముఖం చూసి మెత్తబడింది, కానీ ఒక షరతు పెట్టింది.

"సరి, పంపించు. ఏ పొద్దు బిడ్డ నొప్పితో ఇంటికొస్తుందో ఆ పొద్దే ముగిసె. మళ్ళ నువ్వు నోరు తెరవకూడదు."

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోక చేసేదేముంది?

నేర్పేది ఒక ఆడమనిషి. పిల్లలంతా ఆవిడను మాస్టర్ అనే పిలుస్తారు. ఆవిడకు తమిళం తప్ప మరో భాష రాదు. ఆవిడ మాటల్ని నేనే ఇక్కడ తెలుగులో చెప్పుకుపోతున్నాను. మొదటి రోజు పిల్లల్ని వరుసగా నిలబెట్టి వేళ్ళూ, చెవులూ, జుట్టూ చూసింది. గోళ్ళు పెరిగిన వాళ్ళకు అక్కడే కత్తిరించింది. కమ్మలు, గాజులు, పిన్నులు అన్నీ తీయించింది. మా కంపెనీలో చంటిపిల్లల బట్టల్లో సూదిముక్క మిగిలిందేమోనని పెట్టెలో సర్దే ముందు మెషిన్‌లోంచి పంపి చూస్తాం. అచ్చం అలా చూసింది ఆవిడ పిల్లల్ని. అప్పుడే నాకు సగం భయం పోయింది. మెడ నొక్కే పట్లు, చెయ్యి మెలిపెట్టే పట్లు చిన్నపిల్లలకు నేర్పదట. ఒకే బరువు, ఒకే ఎత్తు ఉన్న వాళ్ళనే జోడీ కడుతుందట. నేను ఆ చొక్కా కాలర్ లాగి కుట్టు కూడా చూశాను. మూడు వరసల కుట్టు, ఎక్కడా లూజు లేదు. నా తృప్తి నాది.

తరువాత మాస్టర్ మా అమ్మాయిని చాప మధ్యకు పిలిచి, "పడు" అంది.

ఇది తమిళం వాళ్ళకు మామూలు మాట. పడు అంటే పడుకో అని. మెల్లిగా వెల్లకిలా పడుకుంటే వీపు ఎలా వంచాలో చూపిద్దామని ఆవిడ ఉద్దేశం. మా అమ్మాయి మాత్రం ఇంటి మాటగా విన్నది. పెద్దవాళ్ళు పడమంటే పడాలి కదా! రెండు కాళ్ళూ గాల్లోకి లేపి, నిలువునా వెనక్కి పడిపోయింది. హాలంతా అదిరింది. పిల్లలు నోళ్ళు తెరిచారు. మాస్టర్ ఒక్క అంగలో వచ్చి దాని తల పట్టుకుని, "ఎందుకమ్మా పడిపోయావు?" అని అడిగింది. అది కళ్ళ నిండా నీళ్ళతో, "మీరే కదా పడమన్నారు" అని గొణిగింది. మళ్ళీ నీళ్ళు, నిల్లు కథే మొదలైందిరా దేవుడా అనుకున్నాను. గోడ పక్క నుంచి గట్టిగా, "మాస్టర్, మా ఇంట్లో పడు అంటే పడుకో అని కాదు, కింద పడమని" అని అరిచాను.

పిల్లలు నవ్వబోయారు. మాస్టర్ చెయ్యి ఎత్తి ఆపింది.

"ఈ పిల్ల చేసిందే రైటు. ఇక్కడ ముందు నేర్చుకోవలసింది పడుకోవడం కాదు, పడడం. భయపడకుండా పడింది చూశారా? మీలో ఎవరు పడతారు అలాగ? ఇంక తల దాచుకోవడం ఒక్కటే దీనికి నేర్పాలి."

ఆ మాటకు మా అమ్మాయి ముఖం చూడాలి మీరు! నాకైతే మాస్టర్ కాళ్ళ మీద పడాలనిపించింది. తెలుగులోనే పడేదాన్ని.

ఆ తరువాత వారాలకు వారాలు పడడమే చదువు. ముందుకు, వెనక్కి, పక్కకు. ఇంట్లో పరుపు కింద వేసి పడేది. దాన్ని చూసి నేనూ పడేదాన్ని. మొదటిసారి నా నడుం పట్టేసి, మర్నాడు కంపెనీలో టేబుల్ ముందు వంకరగా నిలబడి చొక్కాల కుట్లు సరిచూశాను. అయినా సిగ్గు లేదు. వ్యానులో ఆడవాళ్ళకు అందరికీ వివరించి చెప్పేదాన్ని, సీట్ల మధ్య గడ్డం ఎలా వంచాలో చూపించేదాన్ని. నాకు జూడో అక్క అని పేరు పెట్టారు. పెట్టుకోనీ. నా కూతురు నడక మారింది. బస్సులో ఎవరైనా తోస్తే అది కాళ్ళు కొంచెం ఎడం చేసి నిలబడుతుంది, అంతే. తిరిగి తోయదు, తిట్టదు, కదలదు. తోసినవాడే ఇబ్బందిపడి పక్కకు జరుగుతాడు. రాత్రి అన్నం అడిగి పెట్టించుకుంటోంది. మా అత్త ఇవన్నీ చూస్తూనే ఉంది, పైకి మాత్రం ఒప్పుకోదు. "వయసు వచ్చె, ఆకలేస్తుంది, దానికీ మీ జూడోనేనా?" అంటుంది. ఆ పెదాల చివర నవ్వు మాత్రం దాగలేదు.

అంతా సవ్యంగా ఉందని నేను గాల్లో తేలుతున్నప్పుడే ఆ దెబ్బ తగిలింది.

పిల్లలకు అదిమి పట్టడం నేర్పుతున్న రోజులవి. ఒకరు వెల్లకిలా ఉంటే, ఇంకొకరు ఛాతీకి అడ్డంగా పడి కదలకుండా పట్టుకోవాలి. కిందనున్న పిల్ల విడిపించుకోవాలి. చేతకాకపోతే అరచేత్తో చాపనో, పైనున్న పిల్ల వీపునో రెండుసార్లు తట్టాలి. తట్టగానే వదిలెయ్యాలి. అది దేవుడి ఆజ్ఞ లాంటిది, తట్టిన తరువాత ఒక్క క్షణం పట్టినా మాస్టర్ బయట కూర్చోబెడుతుంది. ఆ రోజు మా అమ్మాయి జోడీ కొంచెం పొడుగు పిల్ల, తమిళం వాళ్ళమ్మాయి. మంచి పిల్ల, చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల. ఏం జరిగిందంటే, మా దాని ఒక చెయ్యి ఆ పిల్ల చంకలో ఇరుక్కుంది. రెండో చెయ్యి తన వీపు కిందే చొక్కాలో చుట్టుకుపోయింది. తట్టడానికి చెయ్యి లేదు. భుజం మెలిపడుతోంది. అప్పుడు నా బిడ్డ నోరు తెరిచి, తన బలమంతా పెట్టి అరిచింది.

"చాలు! చాలు! చాలు!"

బయట ఎన్నడూ గొంతు లేపని పిల్ల. నొప్పిలో తమిళం రాలేదు దానికి. తమిళంలో చాలు అనడానికి ‘పోదుం’ అంటారు, అలా అని ఉంటే ఆ పిల్ల మరుక్షణం వదిలేది. చాలు అంది. నేను చూస్తుండగానే పొడుగు పిల్ల తల తిప్పి హాలంతా వెతుకుతోంది, పట్టు మాత్రం వదలడం లేదు. నేను చెప్పులతోనే చాప మీదికి పరిగెత్తాను. నాకంటే ముందే మాస్టర్ వచ్చి ఆ పిల్లను ఎత్తేసింది. పొడుగు పిల్ల భయంతో ఏడుస్తూ నా దగ్గరకు వచ్చి అడిగిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"ఆంటీ, ఇది ఎవరినో పేరు పెట్టి పిలుస్తోందనుకున్నాను. సాలు ఎవరు?"

ఆ పిల్లను తిట్టాలని వెళ్ళిన దాన్ని, దాని కన్నీళ్ళు తుడిచి వచ్చాను.

డాక్టరు ఎముక విరగలేదన్నాడు, భుజం బెణికిందన్నాడు. కొన్నాళ్ళు చెయ్యి కదపకూడదని మెడకు గుడ్డ కట్టి పంపాడు. ఇంటి గుమ్మంలో మా అత్త నిలబడి ఉంది. గుడ్డ చూసింది, నన్ను చూసింది. కేక వేస్తుందనుకున్నాను, వెయ్యలేదు. "ముగిసె" అని ఒక్క మాట అని లోపలికి వెళ్ళి వేన్నీళ్ళు పెట్టింది. నేను మాట ఇచ్చిన దాన్ని, ఏమని వాదిస్తాను? ఆ తెల్ల చొక్కా ఉతికి, మడిచి, బీరువా పైన పెట్టేశాను. పెడుతుంటే ఏడుపొచ్చింది.

భుజం మానింది. పిల్ల మానలేదు. మళ్ళీ వరుసలో వెనక్కి వెళుతోందని, అడిగితే తప్ప మాట్లాడడం లేదని టీచరమ్మ చెప్పింది. నెల తిరగకముందే పాత పిల్ల తిరిగి వచ్చేసింది. చివరికి ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, మా అత్త దాని తల దువ్వుతూ, "పోతే పోనీలే బిడ్డా, వాళ్ళు మొరటు పిల్లలు" అంది.

"మొరటు పిల్లలు కాదవ్వా," అంది నా కూతురు. "నేను చాలు అంటినే, ఆమెకి తెలీలేదు. పోదుం అని నాకు నోట్లోకి రాలేదు. చాలు అనే వచ్చె."

దువ్వెన ఆగిపోయింది.

"ఏమంటివి? చాలు అని అరిస్తివా?"

"ఆమా. మూడు తూర్లు."

"అంత మంది ఉండి, ఒకరికన్నా తెలీలేదా?"

మా అత్త ముఖం ఎర్రబడింది. ఇన్నాళ్ళూ ఆమె, ఆ హాల్లో పిల్లల్ని ఇష్టం వచ్చినట్టు తొక్కుతారనే అనుకుంది. ఆ పిల్లకు మా మాట అర్థం కాలేదన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెబితే సాకు వెతుకుతున్నానంటుందని నేనూ నోరు మూసుకున్నాను. ఆమె సగం దువ్విన తలను అలాగే వదిలేసి కొంగు దోపుకుంది.

"లేయ్, పోదాం. ఆ మాస్టర్ని నేనే అడగవల్ల."

హాలు గుమ్మం దాటుతూనే మొదలుపెట్టింది, సగం తమిళం, సగం తెలుగు. "ఏమ్మా మాస్టరమ్మా, మా పిల్ల చాలు అన్నింది. చాలు అన్నా పోదుమే. ఇంక ఎట్ల చెప్పవల్ల? పిల్ల నోరు విప్పేదే తక్కువ. విప్పిన ఒక పొద్దు మీకెవురికీ చెవి లేదా?" అని కడిగేసింది. పిల్లలంతా గోడకు అంటుకుపోయారు. నేను కొంగుతో ముఖం తుడుచుకుంటున్నట్టు నటించాను. మాస్టర్ అంతా విన్నది.

"తప్పు నాదే అమ్మా," అంది. "చేతికి నేర్పాను, నోటికి నేర్పలేదు. చేతులు ఇరుక్కున్నప్పుడు మిగిలేది నోరే కదా."

తరువాత ఆవిడ పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి, నొప్పి వస్తే ఇంట్లో ఏమని అరుస్తారు అని అడిగింది. ఎంత సందడి! ఒకడు ‘మతి’ అన్నాడు, వాళ్ళు మలయాళం వాళ్ళు. ఒక పిల్ల ‘సాకు’ అంది, వాళ్ళది కన్నడం. తిరుప్పూరు మిల్లుకు బీహార్ నుంచి వచ్చి, తరువాత మా పక్కకు మారిన వాళ్ళ పిల్లాడు ‘బస్’ అన్నాడు. ఒకే హాల్లో ఇన్ని నోళ్ళు ఉన్నాయని అప్పటి దాకా ఎవరికీ తట్టలేదు. మాస్టర్ అందరికీ ఒకే మాట ఉండాలి అంది. పోదుం అంటే కుదరదు, అది ఇక్కడ అందరూ రోజంతా అంటూనే ఉంటారు, నీళ్ళు పోసినా, ఆట ముగిసినా. ఎవరూ ఊరికే అనని మాట కావాలి. చెవిన పడగానే చేతులు వదిలే మాట.

ఆవిడ మా అమ్మాయి వైపు తిరిగింది. "నీ మాట మాకు ఇస్తావా?"

అది మా అత్త వైపు చూసింది. మా అత్త నా వైపు చూసింది. నేనైతే అప్పటికే చప్పట్లు కొడుతున్నాను.

ఇక చూడండి మా అత్త వైభవం. కుర్చీ తెప్పించుకుని చాప అంచున కూర్చుంది. ఒక్కొక్క జోడీని అదిమి పట్టమంది, కిందనున్న వాళ్ళను అరవమంది. తమిళం పిల్లల నోట చా పలకడం లేదు, అందరూ "సాలు, సాలు" అంటున్నారు. ఆమె ఊరుకుంటుందా? "సా లేదు, చా! చాక్లెట్ అడిగేటప్పుడు ఎట్ల వస్తుంది? ఆ చా!" అని ఒక్కొక్కరి చేత పలికించింది. పొడుగు పిల్లకు చా వచ్చేదాకా వదల్లేదు. వచ్చాక దాని బుగ్గలు పుణికి, "ఎవురు చాలు అన్నా ఇడిసిపెట్టవల్ల, తెలిసిందా?" అంది. "చాలు అంటే వదలాలి" అని మాస్టర్ దాన్నే తమిళంలో బోర్డు మీద రాసింది. చాలు అన్న మాట ఒక్కటి మాత్రం మనదే, తమిళం అక్షరాల్లో.

దారిలో నేను మెల్లిగా, "అత్తా, నొప్పితో వస్తే ముగిసె అంటివే" అన్నాను.

"ఆమా అంటిని. నొప్పి మానితే మళ్ళ పోకూడదని అంటినా?"

కిందపడ్డా పైచెయ్యి తనదే. ఆమె కూడా జూడో నేర్చుకుంటే బాగుండేదనుకున్నాను.

బీరువా పైనుంచి చొక్కా దించాను. ఆ తరువాత వచ్చిన వేసవిలో మదురైలో పిల్లల పోటీలు పెట్టారు. వ్యానులో బయలుదేరాం. దిండుక్కల్ దాటాక అందరికీ ఆకలి, పిల్లల పాటలు, మదురై మాట్టుతావణి బస్టాండు దగ్గర ఆటోల మధ్య ఇరుక్కుని ఆలస్యం. మా అత్త కూడా వచ్చింది. తిరుమంగళంలో చెల్లెల్ని చూసి చాలా రోజులైందట, అందుకని వచ్చిందట! చెల్లెలు ఇంకా ఆమె కోసం ఎదురు చూస్తూనే ఉంది. ఈమె మాత్రం హాల్లో మొదటి వరసలో నా పక్కనే కూర్చుంది.

మా అమ్మాయి మొదటి ఆటలోనే ఓడిపోయింది. ఎదుటి పిల్ల నడుం మీదుగా ఎత్తి వేసింది. అబ్బ, ఎంత చక్కగా పడిందని! ఆ ఫట్ అన్న చప్పుడుకు హాలంతా తిరిగి చూసింది. లేచి దండం పెట్టి, నవ్వుతూ వచ్చి చాప పక్కన కూర్చుంది. నేను చేసిన హడావుడి చూసి పక్కవాళ్ళు అదే గెలిచిందనుకున్నారు.

తరువాత మన పొడుగు పిల్ల ఆట. ఎదురుగా మదురై పిల్ల, కొత్త ముఖం. కాసేపు పెనుగులాడాక పొడుగు పిల్ల కింద పడింది, మదురై పిల్ల అదిమి పట్టింది. అదే పట్టు. అలాగే ఒక చెయ్యి చంకలో, ఇంకొకటి వీపు కింద. మా మాట మా హాల్లోనే చెల్లుతుంది, ఇక్కడ ఎవరికి తెలుసు? పొడుగు పిల్ల ముఖం ఎర్రబడింది. నోరు తెరిచింది.

"చాలు!"

సా కాదు, చా. మా అత్త నేర్పిన చా.

మధ్యలో నిలబడి ఆట నడిపే పెద్దమనిషికి అర్థం కాలేదు, ఏమిటన్నట్టు వంగి చూశాడు. ఆయన చెయ్యి లేచే లోపే మదురై పిల్ల రెండు చేతులూ వదిలేసి మోకాళ్ళ మీద లేచి కూర్చుంది. నిప్పు మీద చెయ్యి పడితే తీసినట్టు తీసింది. ఊపిరి అందక కళ్ళు పెద్దవి చేసుకుని, "మీరు తెలుగోళ్ళా?" అంది.

పొడుగు పిల్ల తెల్లముఖం వేసింది. మదురై పిల్ల తమిళంలో మళ్ళీ అడిగింది, చాలు అన్నావే, మీ ఇంట్లో తెలుగా అని.

"తెలుంగా? ఇల్లే," అంది పొడుగు పిల్ల, కాదని తల ఊపి, భుజం రుద్దుకుంటూ. "అదు జూడో మాట. జపాన్ మాట."

పాపం, నెలల తరబడి హాల్లో అరిచి అరిచి, ఆ మాట ఎవరిదో దానికి మరుపే వచ్చేసింది. ఆట మొదలుపెట్టమనే హజిమే లాగా, మిగతా జపాన్ మాటల్లాగా, అదీ ఒకటనుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అప్పుడు చాప పక్కన కూర్చున్న నా కూతురు లేచింది. బడిలో నీళ్ళు అడగని పిల్ల. కాళ్ళు కొంచెం ఎడం చేసి నిలబడి, ఊరు కాని ఊళ్ళో, అంతమంది మధ్యలో, గొంతెత్తి తెలుగులో చెప్పింది.

"జపాన్ కాదు! అది మా అవ్వ మాట!"

హాలంతా దాని ముఖమే చూస్తోంది. నేను అలవాటు కొద్దీ తొడ పక్కకు జరుపుకున్నాను, ఇప్పుడు గిల్లు పడుతుందని. పడలేదు. తల తిప్పి చూస్తే మా అత్త కుర్చీలో లేదు. లేచి నిలబడి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరుస్తోంది.

"ఇంకా గట్టిగ చెప్పు బిడ్డా! వాళ్ళకి వినపడలే!"